రెండో స్లైడ్‌ను ఎవరూ ఎందుకు చూడటం లేదు?

మీరు నెలకు నాలుగైదు ప్రాజెక్టు సమీక్షలు నడుపుతున్నారనీ, ప్రతిసారీ శీర్షిక తరువాత రెండో స్లైడ్‌గా అజెండా పెడుతున్నారనీ, దాన్ని ఎవరూ పట్టించుకోకపోగా మీ పై అధికారి ‘ఇది దండగ, తీసేయండి’ అన్నారనీ రాశారు. తీసేస్తే మీటింగ్ గాడి తప్పుతుందేమోనన్నది మీ సందేహం. ఇరవై ఏళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల సమీక్షలు నడిపిన అనుభవంతో, అంతకంటే ఎక్కువగా ఇతరులు నడిపిన సమీక్షల్లో కూర్చున్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. ఇప్పుడున్న రూపంలో ఆ స్లైడ్ దండగేనన్న మీ పై అధికారి మాటతో నేను ఏకీభవిస్తాను. అయినా దాన్ని తీసేయమని చెప్పను. అందులోని వరుసలను తిరగరాసి, మొదట ఒకసారి చూపించి వదిలేయకుండా మీటింగ్ పొడవునా వాడుకోమంటాను.

మీరు జతచేసిన స్లైడ్‌లో ఆరు వరుసలున్నాయి: పరిచయం, నేపథ్యం, ప్రస్తుత స్థితి, సవాళ్లు, తదుపరి చర్యలు, ప్రశ్నలు–జవాబులు. ఈ ఆరింటినీ యథాతథంగా పక్క టీమ్ సమీక్షలో పెట్టినా చెల్లుతాయి, వచ్చే నెల మీ సమీక్షలో పెట్టినా చెల్లుతాయి. ఎక్కడ పెట్టినా చెల్లే వరుస చూసేవారికి కొత్తగా ఏమీ చెప్పదు కనుక, రెండు మూడు మీటింగులు గడిచేసరికి వారి కన్ను దాన్ని దాటిపోవడానికి అలవాటు పడుతుంది. తెలుగులో దీనికి రెండు వేర్వేరు మాటలున్నాయి. పుస్తకం మొదట్లో ఉండేది విషయసూచిక. సభకు ముందు సభ్యులకు పంచేది కార్యసూచి. లాటిన్‌లో ‘అజెండా’ అంటే ‘చేయవలసిన పనులు’ అనే అర్థం, అంటే అది మన కార్యసూచికే దగ్గర. మీ స్లైడ్ నెత్తిన అజెండా అని రాసి ఉన్నా, కింద ఉన్నది మాత్రం విషయసూచిక. అక్కడ కూర్చున్న పదిమందీ ఏం చేయాలో అందులో ఒక్క ముక్క కూడా లేదు.

మీ ప్రశ్నలో ఉన్న వివరాలతోనే ఆ వరుసలను తిరగరాసి చూద్దాం. చెల్లింపుల విభాగాన్ని కొత్తగా రాస్తున్నారు, విడుదల తేదీ దగ్గర పడింది, పరీక్షల్లో ఇంకా 14 లోపాలు మిగిలాయి. ‘ప్రస్తుత స్థితి’ అన్న చోట ‘మిగిలిన 14 లోపాల్లో విడుదలకు నిజంగా అడ్డుపడేవి ఏవి?’ అని రాయండి. ‘సవాళ్లు’ అన్న చోట ‘విడుదలను రెండు వారాలు వాయిదా వేయాలా, లేక వాపసు చెల్లింపుల భాగాన్ని పక్కన పెట్టి అనుకున్న తేదీకే విడుదల చేయాలా?’ అని రాయండి. ‘తదుపరి చర్యలు’ అన్నది ‘ఎంచుకున్న దారిని బట్టి ఎవరు, ఏ పని, ఏ తేదీకి?’ అవుతుంది. పరిచయం అక్కరలేదు, ఎందుకంటే నెలనెలా కలిసేవారే ఆ గదిలో ఉన్నారు. నేపథ్యం మొదటి ప్రశ్నలో రెండు వాక్యాలుగా ఇమిడిపోతుంది. ప్రశ్నలు–జవాబులకు వేరే వరుస అసలే వద్దు. సందేహాలన్నీ చివరికి దాచుకోమని చెప్పడం, అప్పటికి సమయం మిగలకపోవడం అందరూ ఎరిగిన తంతే. ఆరు వరుసలు మూడయ్యాయి. పైగా విడుదల వాయిదా గురించిన ప్రశ్నను చూసినవారెవరూ ఫోన్‌లోకి తల దించరు.

వరుసను ప్రశ్నగా రాయడానికి ప్రయత్నిస్తున్నప్పుడు మరో సంగతి బయటపడుతుంది. కొన్ని అంశాలకు ఎంత ఆలోచించినా ప్రశ్న దొరకదు. ‘మార్కెటింగ్ విభాగం నుంచి తాజా వివరాలు’ అన్నదాన్ని ప్రశ్నగా మార్చబోతే ఏమీ తేలదు, ఎందుకంటే అక్కడ తేల్చవలసింది ఏమీ లేదు. అది ఈమెయిల్‌లో పంపితే సరిపోయే సమాచారం. మూడు వరుసల్లో మూడింటికీ ప్రశ్న దొరకకపోతే మీటింగ్‌నే రద్దు చేయండి. నేను అలా రద్దు చేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి, ఎందుకు చేశారని ఒక్కరూ అడగలేదు.

ప్రతి వరుస చివర ఆ అంశం ఎందుకు వచ్చిందో ఒక మాటలో రాయాలి: తెలియజేయడానికి, చర్చకు, నిర్ణయానికి. ఇది చూడటానికి చిన్న విషయమే కానీ, మీటింగుల్లో తలెత్తే చిరాకుల్లో సగం దీని దగ్గరే పుడతాయని నా అనుభవం. చెప్పేవారు ‘మేము ఇప్పటికే ఈ సంస్థ సర్వర్లను తీసుకోవాలని నిర్ణయించాం, మీకు తెలియజేస్తున్నాం’ అన్న ఉద్దేశంతో నాలుగు స్లైడ్లు చూపిస్తారు. వినేవారు తమ అభిప్రాయం అడుగుతున్నారనుకుని లోపాలు ఎత్తిచూపడం మొదలుపెడతారు. పావుగంట తరువాత ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయిందని తెలిసి నొచ్చుకుంటారు. వరుస చివర ‘తెలియజేయడానికి’ అని ఉంటే ఈ రభస ఉండదు. అది సరికాదనుకున్నవారు ‘దీన్ని చర్చకు పెట్టాలి’ అని మొదట్లోనే అడగగలుగుతారు, అలా అడగడం వారి హక్కు కూడా. నిర్ణయానికి వచ్చిన అంశమైతే, నిర్ణయం తీసుకోవలసిన వ్యక్తి హోదాను కూడా ఆ పక్కనే రాయండి. ఆ వ్యక్తి రాలేకపోతే ఆ అంశాన్ని ఎత్తుకోవద్దు.

ఇక సమయం. వరుస పక్కన నిమిషాలు రాయడం అందరికీ తెలిసిన పద్ధతే, కానీ నిమిషాల కంటే గడియారం వేళ రాయడం మేలు. ‘20 నిమిషాలు’ అని ఉంటే, ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని కూడికలు చేసుకోవాలి. ‘10:15 – 10:35’ అని ఉంటే గోడ గడియారం వైపు చూసిన ప్రతివారికీ తెలుస్తుంది. గంట మీటింగ్‌కు 60 నిమిషాలూ పంచేయకండి, 50 పంచండి. మొదటి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చేవారికీ, కేబుల్ పని చేయని ప్రొజెక్టర్‌కూ ఎలాగూ పోతాయి.

అంశాల క్రమం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను పెద్ద దెబ్బ తిన్నది అక్కడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సమీక్షకు తొమ్మిది వరుసల అజెండా తయారుచేశాను. ప్రాజెక్టుకు మరో ముగ్గురు ఇంజినీర్లు కావాలన్న అభ్యర్థన అందులో ఎనిమిదోది. ముందు పని చూపించి, చివర అడిగితే బాగుంటుందని నా లెక్క. రెండో వరుసలో లాగిన్ తెర కొత్త నమూనా ఉంది. బటన్ నీలం రంగులో ఉండాలా, ఆకుపచ్చలో ఉండాలా అన్నదాని మీద గదిలో ఉన్న పన్నెండు మందికీ అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ 35 నిమిషాలు నడిచింది. ఇంజినీర్లను మంజూరు చేయవలసిన పెద్దాయన అయిదో అంశం దగ్గర చేతి గడియారం చూసుకుని, మరో మీటింగ్ ఉందని లేచి వెళ్లిపోయారు. ఆ ముగ్గురూ మాకు దొరికింది రెండు నెలల తరువాత. బ్రిటిష్ రచయిత సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లో ఈ జబ్బునే వర్ణించాడు: ఆయన ఊహించిన సంఘంలో కోటి పౌండ్ల అణు రియాక్టరు రెండున్నర నిమిషాల్లో ఆమోదం పొందుతుంది, 350 పౌండ్ల సైకిల్ షెడ్డు మీద ముప్పావుగంట చర్చ నడుస్తుంది, ఎందుకంటే రియాక్టరు గురించి మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు, షెడ్డు గురించి ప్రతివారికీ తెలుసు. చర్చ ఎంతసేపు సాగుతుందన్నది ఆ అంశం ప్రాముఖ్యాన్ని బట్టి కాక, అది ఎంతమందికి అర్థమవుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అందరికీ సులువుగా అర్థమయ్యే అంశాన్ని ముందు పెట్టడం కోరి కష్టాన్ని తల మీదికి తెచ్చుకోవడమే.

నేను ఇప్పుడు పాటించే క్రమం ఇది. మొదట అయిదు నిమిషాల్లో ముగిసే, తెలియజేయడానికి మాత్రమే ఉద్దేశించిన ఒక అంశం. ఆలస్యంగా వచ్చేవారు దాన్ని కోల్పోయినా నష్టం లేదు. వెంటనే, అందరూ చేరి, బుర్రలు ఇంకా చురుగ్గా ఉన్నప్పుడు, ఆ రోజు అసలు నిర్ణయం. ఆ తరువాత మిగిలినవి. రంగులు, పేర్లు, నివేదిక రూపం వంటివి అన్నిటికంటే చివర. సమయం చాలకపోతే రాలిపోవలసినవి అవే.

ఎన్ని వరుసలు ఉండాలన్నదానికి చాలామంది ‘ఏడు, రెండు అటూఇటూ’ అని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956 వ్యాసాన్ని చూపిస్తారు. అది కంటి ముందు ఉన్న జాబితా గురించి చెప్పిన మాట కాదు; అప్పటికప్పుడు విని మనసులో పెట్టుకోగలిగే వాటి గురించి. మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో ఆ సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. స్లైడ్ తెర మీద ఉన్నంతసేపు ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోనక్కరలేదు కాబట్టి పది వరుసలున్నా చదవగలరు. చిక్కల్లా స్లైడ్ మారిన తరువాతే. నలభయ్యో నిమిషంలో, ఇరవై రెండో స్లైడ్ మీద, ‘మనం ఎక్కడున్నాం, ఇంకా ఎంత ఉంది’ అన్న ప్రశ్నకు వినేవారి దగ్గర జవాబు ఉండదు. అందుకే రెండు పనులు చేయాలి: వరుసలను మూడు నుంచి అయిదుకు మించనివ్వకూడదు, ప్రతి అంశం ముగిసినప్పుడల్లా అదే స్లైడ్‌కు తిరిగి రావాలి.

తిరిగి వచ్చినప్పుడు స్లైడ్‌లో ఏదీ కదలకూడదు. వరుసలు ఉన్నచోటే ఉండాలి. ఇప్పుడు మొదలుపెట్టబోయే వరుస ముదురుగా, మిగిలినవి లేత బూడిద రంగులో కనిపించాలి. ముగిసిన వాటిని పూర్తిగా మాయం చేయవద్దు, ఎంత దూరం వచ్చామో తెలియడం కూడా వినేవారికి ఒక ఊరట. తేడాను రంగుతో మాత్రమే చూపవద్దు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తించలేనివారు ఏ గదిలోనైనా ఉండవచ్చు కనుక, ఎడమ పక్క ఒక బాణం గుర్తు కూడా పెట్టండి.

దీనికోసం అజెండా స్లైడ్‌ను నాలుగైదు చోట్ల కాపీ చేసి అతికించడం అందరికీ మొదట తోచే దారి. నేనూ అలాగే చేసేవాణ్ని, ఒక సమీక్షకు ముందు రాత్రి మూడో అంశం పేరు మార్చి, నాలుగు కాపీల్లో రెండింటిలో మార్చడం మరచిపోయే దాకా. మర్నాడు తెర మీద పాత పేరు చూసి, ఒకరు ‘ఈ అంశం ఎప్పుడు చేరింది?’ అని అడిగారు. దానికి సంజాయిషీ ఇవ్వడానికే అయిదు నిమిషాలు పట్టింది. పవర్‌పాయింట్‌లో 2010 నుంచి ‘సెక్షన్లు’, అంటే విభాగాలు, ఉన్నాయి. స్లైడ్లను వాటిలో విభజించండి. 2019 కూర్పులోనూ, చందాతో వచ్చే కూర్పులోనూ ‘సమ్మరీ జూమ్’ అన్న సదుపాయం ఉంది. అది ఒక్కో విభాగానికి ఒక్కో బొమ్మ పెట్టి సూచిక స్లైడ్‌ను తానే తయారుచేస్తుంది. బొమ్మ మీద నొక్కితే ఆ విభాగంలోకి వెళుతుంది, విభాగం అయిపోగానే తనంత తానే సూచికకు తిరిగి వస్తుంది. పాత కూర్పులో ఉన్నవారు అజెండాలోని ప్రతి వరుసకూ ఆ విభాగం మొదటి స్లైడ్‌కు హైపర్‌లింక్ ఇచ్చి, విభాగం చివరి స్లైడ్‌లో మూలన వెనక్కి వచ్చే లింక్ పెట్టుకోవచ్చు. ఏదీ చేసే తీరిక లేకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి: స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ అంకె టైపు చేసి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కు వెళుతుంది. అజెండా ఎప్పుడూ రెండో స్లైడే కాబట్టి, 2, ఎంటర్.

ఆ రెండు మీటలు నాకు ఎంత అక్కరకు వచ్చాయో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇటీవలి ఒక సమీక్షలో వేళ 10:38 అయింది. 10:30కే ముగియవలసిన రెండో అంశం నుంచి చర్చ జారి, వారపు నివేదికలో నిలువు వరుసలు ఎన్ని ఉండాలన్న దగ్గరికి చేరింది. మాట్లాడుతున్నవారు నా కంటే సీనియర్; ‘ఇక ఆపండి’ అనడం మర్యాద కాదు. 2, ఎంటర్ నొక్కాను. తెర మీదికి అజెండా వచ్చింది. ‘మనకు ఇంకా 22 నిమిషాలున్నాయి సర్, మూడో అంశంలో విడుదల తేదీ తేలాలి. నివేదిక సంగతి ఇప్పుడే పూర్తి చేసుకుంటే తేదీ వచ్చే వారానికి వెళుతుంది. ఏది ముందు చూద్దాం?’ అని అడిగాను. ఆయన తెర వైపు ఒకసారి చూసి, ‘నివేదిక సంగతి మేమిద్దరం తరువాత చూసుకుంటాంలెండి, తేదీ కానివ్వండి’ అన్నారు. ఆయనను అడ్డుకున్నది నేను కాదు, పదిమంది ఒప్పుకున్న ఆ స్లైడ్. మీ పై అధికారికి ఈ స్లైడ్ ఎందుకు ఉండాలో చెప్పవలసి వస్తే, నేనైతే ఈ ఒక్క ఉపయోగమే చెబుతాను.

అయితే పదిమంది ఒప్పుకోవాలంటే, మొదట్లో వారిని అడగాలి. స్లైడ్ తెర మీదికి రాగానే చాలామంది ‘మొదట దీన్ని చూస్తాం, తరువాత దాన్ని చూస్తాం’ అంటూ వరుసలన్నీ పైకి చదువుతారు. చదువు వచ్చినవారికి చదివి వినిపించడం ఎందుకు? మూడు నాలుగు క్షణాలు మౌనంగా ఉండి వారినే చదవనివ్వండి. ఆ తరువాత ఒక్క వాక్యం: ‘ఇవాళ మనం ఇక్కడి నుంచి లేచేసరికి విడుదల తేదీ తేలాలి, ఇందులో చేర్చవలసింది గానీ, తీసేయవలసింది గానీ ఉందా?’ అడిగి నిజంగా ఆగండి. ఎవరో ఒకరు ఏదో చేర్చమంటారు. సమయం ఉంటే చేర్చండి, లేకపోతే స్లైడ్ అడుగున ‘తరువాత చూడవలసినవి’ అన్న చోట అప్పటికప్పుడు టైపు చేయండి. తమ మాట తెర మీదికి ఎక్కినవారు దాని కోసం మీటింగ్ మధ్యలో మళ్లీ అడ్డుపడటం అరుదు.

ఇదంతా నలుగురు కూర్చుని తేల్చుకునే మీటింగ్ సంగతి. ఒకరు మాట్లాడి మిగిలినవారు వినే ప్రజెంటేషన్‌కు ఇదే సూత్రం వర్తించదు. పదిహేను నిమిషాల లోపు ప్రసంగానికి అజెండా స్లైడ్ అవసరమే లేదు. దారి చెప్పేలోగా ప్రయాణం సగం అయిపోతుంది. అంతకంటే పెద్దదైనా, రెండో స్లైడ్‌గా పెట్టవద్దు. ముందు సమస్యను చూపండి, అది తమ సమస్యే అని వినేవారికి అనిపించనివ్వండి, ఆ తరువాత ‘దీన్ని మూడు మెట్లుగా చూద్దాం’ అంటూ అజెండా చూపితే దానికి అర్థం ఉంటుంది. డేవిడ్ ఆసుబెల్ అనే విద్యా మనస్తత్వవేత్త 1960లో, పాఠానికి ముందు ఇచ్చే పరిచయం నేర్చుకోవడానికి తోడ్పడుతుందని చూపించాడు. కానీ ఆయన చెప్పినది శీర్షికల పట్టిక గురించి కాదు. రాబోయే వివరాలన్నిటినీ తగిలించుకోవడానికి వీలైన ఒక విశాలమైన భావం గురించి. కాబట్టి రోజంతా సాగే శిక్షణ తరగతుల్లో మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అని రాయడం కంటే, ఒక చెల్లింపు బటన్ నొక్కిన క్షణం నుంచి ఖాతాలో డబ్బు జమ అయ్యే దాకా చేసే ప్రయాణాన్ని ఒక గీతగా గీసి, ఏ పూట ఆ గీతలో ఏ ముక్కను చూస్తామో గుర్తులు పెట్టడం ఎన్నో రెట్లు మెరుగు.

నియమావళి ప్రకారం నడిచే బోర్డు సమావేశాలు, సంఘాల సర్వసభ్య సమావేశాలు వేరే కోవకు చెందుతాయి. హెన్రీ రాబర్ట్ 1876లో కూర్చిన సభా నియమాల సంప్రదాయంలో గత సమావేశపు మినిట్స్, నివేదికలు, మిగిలిపోయిన పనులు, కొత్త పనులు అన్న క్రమం ఉంది. అలాంటి చోట మీ నియమాలు ఏ క్రమం చెబితే అదే పాటించండి. స్లైడ్ దాన్ని చూపించాలే తప్ప మార్చకూడదు.

మరొక మాట. అజెండాను మొదటిసారి చూడటం మీటింగ్‌లోనే జరిగితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ మూడు ప్రశ్నలనూ కనీసం ఒక రోజు ముందు ఆహ్వానంలోనే రాసి పంపండి. 14 లోపాల్లో ఏవి అడ్డుపడతాయన్న ప్రశ్న ముందే తెలిసిన ఇంజినీరు జాబితాతో వస్తారు, తెలియనివారు ‘చూసి చెబుతాను’ అంటారు. ఆన్‌లైన్ మీటింగ్ అయితే అవే వరుసలను చాట్‌లో కూడా అతికించండి, తెర మీద వేరే స్లైడ్ ఉన్నప్పుడు చేరినవారికి అవి అక్కడ దొరుకుతాయి.

ముగింపుకు వేరే స్లైడ్ తయారుచేయకండి. ‘ధన్యవాదాలు’ అన్న స్లైడ్‌కు బదులు మళ్లీ అజెండాకే రండి. ఒక్కో వరుస ఎదురుగా ఖాళీగా ఉంచిన గడిలో ఏం తేలిందో, పని ఎవరిదో, తేదీ ఏమిటో అందరూ చూస్తుండగా టైపు చేయండి. ‘వాపసు చెల్లింపులు లేకుండానే విడుదల, 18వ తేదీ, పరీక్షల బృందం’ అని తెర మీద కనిపించినప్పుడు, అలా అనుకోలేదని చెప్పదలచుకున్నవారు అప్పుడే చెబుతారు, మూడు రోజుల తరువాత ఈమెయిల్‌లో చెప్పరు. ఆ స్లైడ్‌ను అలాగే పంపితే అవే మినిట్స్. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే, వచ్చే నెల అజెండాలో అసలు నిర్ణయానికి కేటాయించిన చోట ఆ వరుసనే పెట్టండి.